గుర్రం యజమానిని ఏమని అడగాలి?

గుర్రపు స్వారీ గురించి ఈ నెల మూడు ఉత్తరాలు వచ్చాయి. మొదటిది గుర్రం లేనివారిది, రెండోది గుర్రం ఉన్నవారిది, మూడోది ఒక తండ్రిది. పశువైద్యుడిగా పనిచేసిన కాలంలో నేను చూసినదాన్ని బట్టి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నప్పుడు అక్కడి స్వారీ బడిలో నాలుగు నెలలపాటు శని, ఆదివారాల్లో గుర్రపు స్వారీ నేర్చుకున్నాను. ఇప్పుడు ఇంటి నుంచే పనిచేసే వీలు దొరకడంతో బుచ్చిరెడ్డిపాళెం దగ్గర మా ఊరికి వచ్చేశాను. గుర్రాన్ని కొని మేపే స్తోమత మాకు లేదు. పక్క ఊళ్లో ఒక రైతు రెండు మార్వాడీ గుర్రాలను పెంచుతున్నారు. నెల్లూరులో పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు పంపే కుటుంబంతో మాకు దూరపు పరిచయం ఉంది. వీళ్లను అడగాలని ఉంది. రైతును ఒకసారి అడిగితే నవ్వి ఊరుకున్నారు. "ఎవరి గుర్రాన్నో ఎక్కుతానని అడగడం ఏం మర్యాద?" అని మా అమ్మ అంటోంది. అడగడం తప్పా? తప్పు కాకపోతే ఎలా అడగాలి?
— ఒక పాఠకురాలు, నెల్లూరు జిల్లా

జవాబు: అడగడం తప్పు కాదు. మీ అమ్మగారి మాటలోనూ న్యాయం లేకపోలేదు. ఒక పూట స్కూటరు ఇమ్మన్నట్టు గుర్రాన్ని ఇమ్మనలేం. స్కూటరులో పెట్రోలు పోయించి తిరిగి అప్పగిస్తే అది ఎప్పటిలాగే ఉంటుంది. గుర్రం మాత్రం మీరు దాని వీపు మీద ఉన్న అరగంటలో మంచో చెడో ఏదో ఒకటి నేర్చుకునే కొట్టంలోకి వెళుతుంది; మర్నాడు దాన్ని ఎక్కబోయే యజమాని ఆ ఫలితాన్ని అనుభవిస్తాడు.

ఈ సంగతి నాకు తెలిసివచ్చిన రోజు గురించి చెబుతాను. 1970ల చివరలో, పశువైద్యం చదవడానికి వెళ్లకముందు, ఒంగోలులో మా ఇంటికి దగ్గర్లో ఉండే జట్కా ఆయనను బతిమాలి, ఒక సాయంత్రం బండి నుంచి విప్పిన గుర్రాన్ని ఎక్కాను. "స్వారీ వచ్చా?" అని ఆయన అడిగితే వచ్చునన్నాను. అంతకుముందు నేను ఎక్కింది మా మేనమామ వాళ్ల ఊళ్లోని ఒక ముసలి తట్టువను (పొట్టి గుర్రాన్ని), అదీ రెండుసార్లు మాత్రమే. గుర్రం కాస్త వేగం అందుకోగానే భయపడి, పడిపోకుండా పగ్గాలనే ఆసరాగా పట్టుకుని వేలాడాను. దిగిన తర్వాత ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. గుర్రం పెదవి మూలను పక్కకు తొలగించి, నా చేయి పట్టుకుని, చూపుడువేలును కింది దవడ మీద పెట్టించాడు. ముందు పళ్లకూ దవడ పళ్లకూ నడుమ అసలు పళ్లే లేని చోటు ఒకటి ఉంటుంది. కళ్లెం ఇనుము ఆనేది అక్కడే. చిగురు ఎంత పల్చగా ఉందంటే దాని కింద ఎముక అంచు వేలికి తెలుస్తూనే ఉంది. వేలు బయటికి తీస్తే నురగలో నెత్తుటి చార కనబడింది. ఆ తర్వాత మూడు వారాలపాటు కళ్లెం చూపించగానే ఆ గుర్రం తల పైకెత్తేసేది. బండి కట్టడానికి ఆయన రోజూ పొద్దున్నే పడ్డ అవస్థను నేను మా గుమ్మంలోంచి చూశాను. రాని విద్యను వచ్చునని చెప్పడం వల్ల దెబ్బ తగిలింది నాకు కాదు.

మీరు అడిగినప్పుడు ఆ రైతు మనసులో మెదిలినవి కూడా ఇలాంటివే అయి ఉంటాయి. ఈ అమ్మాయి చేయి ఎంత మెత్తనిదో తెలియదు, పడితే వాళ్ల ఇంట్లో ఏం సమాధానం చెప్పాలి, గుర్రానికి కాలు బెణికితే ఎవరిని అడగాలి అన్న శంకలను మొహం మీద అనలేక నవ్వి ఊరుకుని ఉంటారు. ఆ నవ్వును కాదనడంగా తీసుకోనక్కర్లేదు, ఔననడంగా అసలే తీసుకోకూడదు.

కాబట్టి, మీరు ఎక్కడానికి అవకాశం అడగకండి. గుర్రం దగ్గర ఉండడానికి అవకాశం అడగండి. ఎక్కమనే మాటను ఆయన నోటి నుంచే రానివ్వండి. నేనైతే ఇలా అడుగుతాను: "అన్నా, నేను బెంగళూరులో నాలుగు నెలలు నేర్చుకున్నాను. నడక, ట్రాట్ అనే చిన్న పరుగు వరకూ వచ్చు, దౌడు రాదు. నా బరువు ఇంత. వారానికి రెండు రోజులు పొద్దున పూట వచ్చి కొట్టం పనిలో, ఒళ్లు రుద్ది దువ్వే మాలీసులో సాయం చేస్తాను. ఎక్కించాలా వద్దా అన్నది మీ ఇష్టం, ఎక్కించకపోయినా వస్తాను." ఈ చివరి మాట నిజమైతేనే అనండి. గుర్రాల మధ్య బతికేవాళ్లు మనిషి మొహంలో తొందరను ఇట్టే పసిగడతారు.

వచ్చినదాన్ని చెప్పడం కంటే రానిదాన్ని చెప్పడం ఇక్కడ ఎక్కువ ఉపయోగపడుతుంది. దౌడు రాదని ముందే చెప్పిన మనిషికి ఏ గుర్రాన్ని ఇవ్వాలో, ఎంత దూరం ఇవ్వాలో యజమానికి లెక్క తెలుస్తుంది. బరువు చెప్పడానికి మొహమాటపడకండి. జీనుతో కలిపి రౌతు బరువు గుర్రం బరువులో సుమారు 20 శాతం దాటకూడదన్నది స్వారీ తెలిసినవారు సాధారణంగా పాటించే హద్దు. అంటే 400 కిలోల గుర్రం మీద జీనుతో సహా 80 కిలోలు. జీనే 10 కిలోలుంటే మనిషికి మిగిలేది 70. గుర్రం చిక్కి ఉన్నా, వయసు మళ్లినా, ఎండ ఎక్కువగా ఉన్నా ఈ హద్దు ఇంకా తగ్గుతుంది.

కొట్టం పని అంటే ఏమిటో స్వారీ బడిలో నేర్చినవారికి ఒక్కోసారి తెలియదు, ఎందుకంటే చాలా చోట్ల జీను వేసి సిద్ధంగా ఉన్న గుర్రాన్ని తెచ్చి ముందు నిలబెడతారు. ఇక్కడ మీరు లద్ది ఎత్తాలి, తొట్టి కడిగి నీళ్లు నింపాలి. ఒక గుర్రం రోజుకు 25 నుంచి 40 లీటర్ల నీళ్లు తాగుతుంది, మన ఎండాకాలంలో ఇంకా ఎక్కువే తాగుతుంది. పళ్లున్న దువ్వెన లాంటి గొరపంతో ఒంటికి అంటిన మట్టిని రాల్చి, తర్వాత మెత్తటి బ్రష్షుతో వెంట్రుకలు వాలిన వైపుగా దువ్వాలి. జీను ఆనే చోట ఒక్క ఎండిన మట్టి బెడ్డ మిగిలిపోయినా స్వారీ అయ్యేసరికి అక్కడ పుండు పడుతుంది. గిట్టలు ఎత్తి, లోపల ఇరుక్కున్న రాళ్లను కొక్కెంతో తీయాలి.

గిట్ట ఎత్తే పనిని యజమాని ప్రత్యేకంగా గమనిస్తాడు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. గుర్రానికి సరిగ్గా వెనక, నుదుటికి మరీ దగ్గరగా ఎదుట కనబడదు. అందుకే ఏటవాలుగా, ఎడమ భుజం వైపు నుంచి, మాట వినిపిస్తూ వెళ్లాలి. దాని తోక వైపు మొహం పెట్టి భుజానికి ఆనుకుని నిలబడి, అరచేతిని భుజం మీంచి మోకాలు మీదుగా గిట్ట పైదాకా నెమ్మదిగా జార్చాలి. చేయి ఎక్కడా గాలిలోకి లేవకూడదు. గిట్ట పైన కొద్దిగా నొక్కగానే, అలవాటున్న గుర్రం బరువును అవతలి కాలి మీదికి మార్చుకుని తనే కాలు ఎత్తి ఇస్తుంది. ఇవ్వకపోతే లాక్కోకండి, ఆగి మళ్లీ భుజం దగ్గర మొదలుపెట్టండి. చెవులు వెనక్కి అణిచి మెడకు అంటిస్తే పక్కకు తప్పుకుని యజమానిని పిలవండి. మీరు ఆగారా లాగారా అన్నది ఆయన కొట్టం గుమ్మంలో నిలబడి చూస్తాడు. మీ చేతిలో పగ్గాలు పెట్టాలా వద్దా అన్న నిర్ణయం చాలావరకు అక్కడే జరుగుతుంది.

ఇక పెళ్లి గుర్రాల కుటుంబం సంగతి. ముహూర్తాల రోజుల్లో వాళ్లను అడగకండి. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం నెలల్లో ఆ గుర్రాలు రాత్రంతా బ్యాండు మోతలో, లైట్ల మధ్య నడిచి వచ్చి పగలు విశ్రాంతి తీసుకోవాలి. ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లు ఉండవు. గుర్రాలు కట్టుగొయ్య దగ్గరే నిలబడిపోతాయి, రాబడి లేకున్నా దాణా ఖర్చు మాత్రం తప్పదు. మీరు వెళ్లాల్సింది అప్పుడు. కదలిక లేని గుర్రానికి కాళ్లు వాస్తాయి, కడుపునొప్పి వస్తుంది. గుర్రానికి వాంతి చేసుకునే శక్తి లేదు కాబట్టి దానికి కడుపునొప్పి ప్రాణాంతకం కావచ్చు. రోజూ పగ్గం పట్టుకుని గంటసేపు నడిపించే మనిషి దొరికితే ఆ ఇంటికి నిజంగా సాయమే.

అయితే ఆ గుర్రాన్ని ఎక్కే అవకాశం వచ్చినప్పుడు ఒక్క సంగతి మరవకండి. పగ్గం కాస్త బిగించి మడమ తగిలిస్తే, బడిలో తయారైన గుర్రం ఒక అర్థం తీసుకుంటే, ఊరేగింపుల కోసం నాట్యం నేర్చిన గుర్రం ముందరి కాళ్లు ఎత్తమన్నారని అనుకోవచ్చు. దానికి ఏ సైగలు నేర్పారో ముందు అడిగి తెలుసుకోండి, మొదటిసారి యజమాని ఎక్కి చూపించిన తర్వాతే మీరు ఎక్కండి.

డబ్బు మాట ఎత్తడానికి వెనకాడకండి. ఎవరూ ఊరికే మేపడం లేదు. ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి గిట్టలు చెక్కించి లాడాలు మార్పించాలి. ఆ ఖర్చులో కొంత పంచుకుంటానంటే చేతిలో నోట్లు పెట్టినట్టు కాకుండా గౌరవంగా ఉంటుంది. ఉలవల బస్తా ఇవ్వాలనుకుంటే యజమాని చేతికి ఇవ్వండి, గుర్రం నోటికి కాదు. దాణా మార్చేటప్పుడు కొన్ని రోజులపాటు కొద్దికొద్దిగా మార్చాలి. పెళ్లి ఇళ్ల దగ్గర పులిహోర, లడ్డూ గుర్రానికి పెట్టే మనుషుల్ని చూసి నాకు ఎప్పుడూ బాధ కలుగుతుంది. 13వ శతాబ్దం చివర మన తూర్పు తీరం మీదుగా వెళ్లిన మార్కో పోలో, తమిళ తీరపు రాజులు సముద్రం మీదుగా వేల గుర్రాలను తెప్పించుకుంటారనీ, మాంసంతో ఉడికించిన అన్నం పెడతారనీ, సాకడం తెలిసినవారు లేక అవి చనిపోతుంటాయనీ రాశాడు. ప్రేమ లేక అలా పెట్టి ఉండరు, తెలియక పెట్టి ఉంటారు.

మొదటి రోజు మీ అమ్మగారిని వెంట తీసుకెళ్లండి. ఇది భయం కోసం చెప్పడం లేదు. ఇంటి పెద్ద ఎదుట మాట జరిగితే ఆ రైతుకు సగం బెంగ తీరుతుంది. పడితే బాధ్యత మాదేనని ఇద్దరూ ఆయనతో చెప్పండి, వీలైతే ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. స్వారీ కోసం చేసిన హెల్మెట్టు, కొద్దిగా మడమ ఉన్న బూట్లు మీవే ఉండాలి. చెప్పులతో, మడమ లేని బూట్లతో ఎక్కితే పాదం రికాబులోంచి అవతలికి దూరిపోతుంది. చున్నీ వేసుకోకండి. కొట్టాల మట్టిలో ధనుర్వాతపు క్రిమి ఉంటుంది కనుక టీటీ ఇంజక్షను ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి. ఇంతా చేసిన తర్వాత కూడా ఆయన వద్దంటే, కారణం అడగకుండా నమస్కారం చెప్పి రండి. కారణం చెప్పాల్సిన అవసరం ఆయనకు లేదు.

ప్రశ్న: ఇష్టం కొద్దీ ఒక కాఠియావాడీ గుర్రాన్ని పెంచుకుంటున్నాను. సాయంత్రాలు కొత్తపట్నం తీరానికి తీసుకెళితే కుర్రాళ్లు "ఒక్క రౌండు అన్నా" అని వెంటపడుతున్నారు. బంధువులైతే ఇవ్వకపోతే నిష్ఠూరాలాడుతున్నారు. మొన్న మా తోడల్లుడి కొడుకు ఎక్కి పడబోయాడు. మొహమాటం చెడకుండా కాదనడం ఎలా?
— ఒక గుర్రం యజమాని, ప్రకాశం జిల్లా

జవాబు: మొహమాటం కాస్త చెడినా ఫరవాలేదు. మన జిల్లాలో బండలాగుడు పందేలకు తెచ్చిన ఒంగోలు గిత్తల దగ్గరికి వెళ్లి, ఒక్కసారి నేను తోలతానని అడిగే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. గిత్త విషయంలో అందరికీ తెలిసిన మర్యాద గుర్రం విషయంలో ఎందుకు తెలియదంటే, గుర్రాన్ని ఇప్పుడు చాలామంది ఊరేగింపులో, ఫొటోలో తప్ప చూడడం లేదు. చెప్పాల్సింది మీరే.

బంధువులకు మనిషికో మాట కాకుండా అందరికీ ఒకే నియమం పెట్టండి. మూడు రోజులు పొద్దున ఆరు గంటలకు వచ్చి కొట్టం పని చేసినవారికే గుర్రం అని చెబితే, అడిగేవాళ్లలో ఎక్కువమంది ఆ మూడు పొద్దులూ రారు; వచ్చినవాళ్లకు ఇవ్వడానికి మీకూ మనసొప్పుతుంది. తోడల్లుడి కొడుకుకూ ఇదే వర్తించాలి. అతనికి ఒక మినహాయింపు ఇస్తే, ఆ నియమం మిగతా వాళ్లను అవమానించడానికి పెట్టినట్టు అవుతుంది.

తీరంలో అడిగే కొత్తవాళ్లకు మాత్రం ఇవ్వకండి. పొడి ఇసుకలో గిట్ట దిగబడి కాలి స్నాయువుల (కండను ఎముకకు పట్టి ఉంచే తాళ్లలాంటి వాటి) మీద ఎంత ఒత్తిడి పడుతుందో ఎక్కినవారికి తెలియదు. మీరు నడిపించేటప్పుడు కూడా అల తడిపి గట్టిపడిన ఇసుక మీదే నడిపించండి, ఇంటికి వచ్చాక కాళ్లకు అంటిన ఉప్పునీటిని మంచినీళ్లతో కడిగేయండి. ఫొటో అడిగితే గుర్రం భుజం పక్కన నిలబెట్టి, కళ్లెం మీరే పట్టుకుని తీయించండి.

చట్టం కూడా తెలిసి ఉండడం మంచిది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం జంతువును శక్తికి మించి స్వారీ చేయడం, పుండ్లున్నదాన్నీ జబ్బుగా ఉన్నదాన్నీ పనికి వాడడం నేరం. అలా వాడనిచ్చిన యజమాని కూడా నేరస్తుడే అవుతాడు. "పుండు ఉందిరా, చట్టం ఒప్పుకోదు" అంటే బావమరిది కూడా గట్టిగా వాదించలేడు. కాకపోతే నిజంగా పుండు ఉన్నప్పుడే అనండి.

ఇంకొక్క మాట. పై ఉత్తరం రాసిన అమ్మాయి లాంటివారు మీ దగ్గరికి వస్తే దయచేసి తలుపు వేయకండి. మీకు ఊరు వెళ్లే పనిపడినప్పుడు, జ్వరం వచ్చినప్పుడు ఆ గుర్రాన్ని చూసే రెండో మనిషి ఎవరు? దాని ఒళ్లు తెలిసినవారు ఇంకొకరు ఉండడం దానికే అవసరం. మొదట పొడవాటి తాడు మీ చేతిలో ఉంచుకుని, నడకలో మాత్రమే, పావుగంటతో ఆపండి. మే నెలలో పొద్దున ఏడు దాటాక వద్దు. దిగిన తర్వాత ఆ మనిషి వెంటనే ఫోను తీశాడా, లేక జీను పట్టీ వదులు చేసి గుర్రం ఊపిరి కుదుటపడేదాకా నడిపించాడా అన్నది చూడండి. మళ్లీ పిలవాలా వద్దా అన్నదానికి నాకు తెలిసిన కొలత ఇదే.

ప్రశ్న: మైపాడు తీరానికి వెళ్లినప్పుడల్లా మా తొమ్మిదేళ్ల బాబు గుర్రం ఎక్కుతానని మారాం చేస్తాడు. డబ్బులిచ్చి ఎక్కించడమే కదా, ప్రత్యేకంగా అడగాల్సింది ఏమైనా ఉందా?
— ఒక తండ్రి, కావలి

జవాబు: ఉంది. డబ్బు ఇచ్చే ముందు గుర్రాన్ని ఒక్క నిమిషం చూడండి. కుంటుతోందా, జీను అంచుల కింద, నోటి మూలల్లో పచ్చి పుండ్లున్నాయా, పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టేట్టున్నాయా అన్నది మీకూ తెలుస్తుంది. ముక్కు నుంచి చిక్కటి చీమిడి కారుతూ ఒంటి మీద గడ్డలుంటే పిల్లవాణ్ని దగ్గరికే పంపకండి. గ్లాండర్స్ అనే జబ్బు గుర్రాల నుంచి మనుషులకూ సోకుతుంది, దాన్ని పశువైద్య అధికారులకు తెలియజేయాలని చట్టమే ఉంది. అలాంటి గుర్రం కనబడితే సంచార పశువైద్య సేవ నంబరు 1962కు ఫోను చేయండి.

గుర్రం బాగుంటే, "నీళ్లు తాగించారా, ఇది ఇవాళ ఎంతసేపటి నుంచి తిరుగుతోంది?" అని ఆయననే మర్యాదగా అడగండి. మంచి యజమాని ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు. తలకట్టు తాడు ఆయన చేతిలోనే ఉండాలి, నడక మాత్రమే, బాబు వెనక ఇంకెవరూ కూర్చోకూడదు. ఎక్కే ముందు బాబు చేత ఆయనకు నమస్కారం పెట్టించండి, గుర్రం మెడ మీద చేయి వేసి పేరు అడగనివ్వండి. పెద్దయ్యాక కూడా ఈ ఇష్టం నిలిస్తే ఎన్‌సీసీలో రిమౌంట్ అండ్ వెటర్నరీ అనే గుర్రపు విభాగం ఉంది. తిరుపతిలో చదువుకునే విద్యార్థులకు అందులో చేరే వీలుంది. ఆ విభాగంలోనూ మాలీసు, కొట్టం పని నేర్పిస్తారు. ఈ ఆదివారం మాత్రం ఆయన ఒప్పుకుంటే, దిగిన తర్వాత ఆ గుర్రానికి ఒక బకెట్టు మంచినీళ్లు మీ బాబు చేతే పెట్టించండి.